నిద్రపోయే ప్రధాని తరఫున

నమోదు 1. ఆషాఢం

మీరు నిద్రపోతున్న మనిషికి ఓటేశారు. పొరపాటున కాదు, తెలిసే వేశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు వేశారు. వేసి ఇళ్లకి వెళ్లి, కుళాయిలో ఉప్పునీళ్లు వస్తున్నాయని నన్ను తిడుతున్నారు.

తిట్టండి. దానికే నాకు జీతం.

ఈ ఉదయం ప్రధాని గంధం విశ్వంభర్ గారిని శీతనిద్రకి సాగనంపి వచ్చాం. ఏటా ఆషాఢంలో పడుకుంటాడు, మార్గశిరంలో లేస్తాడు. నిద్రలో వయసు ఆగిపోతుంది కాబట్టి ఆయన మొదటి ఎన్నికల పోస్టరు ఇప్పటికీ పనికొస్తోంది. అదే జుట్టు, అదే నవ్వు. సముద్రం సగం తినేసిన ఈ లంకల సమాఖ్యలో ఇంత తాజాగా కనిపించేది ఇంకొకటి లేదు. మీకు ఆ తాజాదనం నచ్చింది. మా ప్రధాని ముసలివాడు కాడని మురిసిపోయారు. ఎందుకవుతాడు? సగం ఏడాది బతికి సగం ఏడాది దాచుకుంటున్నాడు.

నేను దాచుకోలేదు. ఆయన కంటే రెండేళ్లు చిన్నదాన్ని. ఈ పదవిలో చేరిన కొత్తలో నన్ను "చెల్లెమ్మా" అనేవాడు. కొన్నాళ్లకి అది "వేణి గారూ" అయింది. ఈరోజు చల్లటి మందు నరంలోకి ఎక్కుతుండగా, "జాగ్రత్త అక్కా" అన్నాడు. పక్కనున్న నర్సు నవ్వు ఆపుకుంది.

నా పేరు దొమ్మేటి సత్యవేణి. ఉప ప్రధానిని. ప్రధాని నిద్రలో ఉన్నంతకాలం ఉప ప్రధాని నమోదు రాయాలని నిబంధన. ఆయన లేచాక చదువుకోవడానికట. పన్నెండేళ్లుగా రాస్తున్నాను, ఆయన ఒక్క పేజీ తిప్పిన దాఖలా లేదు. అందుకని ఈసారి మీకు రాస్తున్నాను. మీరూ చదవకపోవచ్చు. కనీసం మెలకువగా ఉండి చదవలేదని నాకు తెలుస్తుంది.

నమోదు 17. శ్రావణం

పల్లపుపేట నుంచి ఆడవాళ్లు పదిమంది దాకా వచ్చారు. పల్లపుపేట నగరానికి తూర్పున, ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. పంపులు నడిపేవాళ్లు, పడవలు తోలేవాళ్లు, గట్టు మీద మట్టి మోసేవాళ్లు అక్కడుంటారు. గట్టు అవతల నది. నది మట్టం ఇప్పుడు వాళ్ల ఇళ్ల చూరుల కంటే ఎత్తు. అవును, మళ్లీ చదవండి. చూరుల కంటే.

వాళ్లలో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"తవఁరేనాండీ ప్రధాని గారు?"

"ఉప ప్రధానినమ్మా."

"అంటే?"

"ఆయన లేనప్పుడు ఆయన తరఫున ఉంటాను."

"ఆయ్. అయితే ఆయన చేసే పన్లన్నీ తవఁరు చేత్తారన్నమాట."

"చేయలేనమ్మా. ఆయనే చేయాలి."

"మరాయన పడుకున్నారు కదండీ."

"పడుకున్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి తక్కినవాళ్లతో, "పదండే, ఈవిడా మనలాగే అర్జీ పెట్టుకోడానికొచ్చినట్టుంది" అంది. అందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు. పన్నెండేళ్లలో నా పదవిని ఇంత సరిగ్గా వివరించిన రాజ్యాంగ నిపుణుణ్ణి నేను చూడలేదు.

చట్టం మొత్తం వెతకండి. ఉప ప్రధాని అనే మాట ఒక్క చోటే కనిపిస్తుంది, జీతాల పట్టికలో. అధికారాలు అనే శీర్షిక కింద లేదు, బాధ్యతల కింద లేదు. ప్రధాని చనిపోతే నేను ప్రధానిని అవుతానని కూడా ఎక్కడా లేదు. ఈ పదవి ఎందుకు పుడుతుందో తెలుసా? ఒక ప్రాంతం అలిగితే పుడుతుంది. ఒక సంఘం బెదిరిస్తే పుడుతుంది. పంపు కార్మికుల సమ్మె నడిపి, కరపత్రాలు రాసి, తూర్పు లంకలన్నీ తిరిగే నోరున్న మనిషి బయట ఉంటే ప్రమాదమని ఎవరికో తోస్తే పుడుతుంది. నన్ను లోపల కూర్చోబెట్టారు. నేనూ కూర్చున్నాను. లోపలినుంచి మారుద్దామనుకున్నాను. మీలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు కదా, మీ మీ ఆఫీసుల్లో.

సభలో మొదటి కుర్చీ ప్రధానిది. దాని వీపు మీద తెల్ల తువ్వాలు ఉంటుంది. ఆయన నిద్రలో ఉన్నా రోజూ ఉతికిన తువ్వాలు మారుస్తారు. రెండో కుర్చీ నాది. తువ్వాలు లేదు. ప్రశ్నోత్తరాల వేళ మాత్రం నేను లేచి, మొదటి కుర్చీ ముందున్న బల్ల దగ్గర నిలబడి, "ప్రధాని తరఫున" అని మొదలుపెట్టి, అధికారులు రాసిచ్చింది చదవాలి. పన్నెండేళ్లలో నేను చదివిన జవాబులన్నీ కలిపితే ఒక్క వాక్యం అవుతుంది: "ప్రభుత్వ పరిశీలనలో ఉందండి."

నమోదు 40. భాద్రపదం

నా గట్టు వంతు. సమాఖ్యలో వయసొచ్చిన వాళ్లందరూ వారానికో రోజు గట్టు మీద మట్టి మోయాలి. మంత్రులు డబ్బిచ్చి మనిషిని పంపుతారు. నేను స్వయంగా వెళ్తాను. మంచితనం కాదు. ఆ ఒక్క రోజే ఎవరూ నన్ను సంతకం అడగరు.

పల్లపుపేట సభ్యురాలు నేలపూడి ఏస్తేరు నా పక్కన మోస్తోంది. ప్రతిపక్షం మనిషి. పంపు కార్మికుల సంఘంలో నా దగ్గరే కరపత్రం రాయడం నేర్చుకుంది, ఇప్పుడు నా మీదే రాస్తుంది. బాగా రాస్తుంది కూడా.

"వేణక్కా, నడుం వంచకు, మోకాళ్లు వంచు. పట్టేస్తాది. రేపు సభలో వంగి దణ్ణాలు పెట్టాలి కదా."

"నోర్ముయ్ ఏస్తేరూ."

"మూస్తే నా జనం ఓటెయ్యరు. నీకైతే ఆ బాధ లేదు."

గట్టు లోపలి వైపు, ఆరో వీధి చివర, నేల మీద నీళ్లు చిన్నగా ఉబుకుతున్నాయి. బుగ్గలు. ఏస్తేరు చెప్పు విప్పి, కాలి బొటనవేలితో ఒక బుగ్గ పక్కన నొక్కింది. నీళ్లతోపాటు సన్నటి ఇసుక పైకి వచ్చింది.

మామూలు ఊటనీళ్లు తేటగా ఉంటాయి. ఇసుక వస్తోందంటే నది గట్టుని కిందనుంచి తోడుకుంటోంది. సంఘంలో ఉన్నవాళ్లెవరికైనా తెలుసు. మేమిద్దరం బుగ్గ చుట్టూ బస్తాలు పేర్చాం. అవతల ఇంకో బుగ్గ లేచింది.

నమోదు 58. ఆశ్వయుజం

ఎగువన వాయుగుండం. వరద దిగుతోంది. అమావాస్య పోటు కూడా అప్పుడే. పోటు ఉన్నంతసేపు సముద్రం నదిని లోపలికి రానివ్వదు. నీళ్లు పోవడానికి దారి ఉండదు, తూర్పు గట్టు మీద పడతాయి.

దారి ఒకటుంది. పడమటి షట్టర్లు ఎత్తితే నీళ్లు రొయ్యల చెరువుల మీదికి మళ్లుతాయి. చెరువులు పోతాయి, పల్లపుపేట మిగులుతుంది. లెక్కంతే, దీనికి నిపుణుల కమిటీ అక్కర్లేదు.

కానీ షట్టర్లు ప్రధాని మాట మీదే లేస్తాయి. దానికీ కారణముంది. ఒకప్పుడు ప్రతి మంత్రీ తన శత్రువు పొలాల మీదికి నీళ్లు వదిలేవాడు. రైతులు రాత్రికి రాత్రి చక్రాలు తిప్పేసేవాళ్లు. అందుకని చక్రాలు కోసేసి, యంత్రం పెట్టారు. అది రెండే చోట్ల నుంచి మాట వింటుంది: ప్రధాని గొంతు, లేదా సభ రికార్డు. తక్కిన ప్రపంచం ఎంత మొత్తుకున్నా దానికి వినపడదు.

లాకుల సూపరింటెండెంట్ ఖాదర్ గారికి ఫోన్ చేశాను.

"షట్టర్లు ఎత్తండి ఖాదర్ గారూ."

"ఎత్తాలనే ఉందండీ. నా చెల్లెలి ఇల్లు పల్లపుపేట మూడో వీధిలోనే. ప్రధాని గారి మాట ఉందాండీ?"

"నేను చెబుతున్నాను కదా."

"తవఁరు చెబితే నేను వింటానండీ. యంత్రం వినదు."

"సభ పెట్టించమని సభాపతి గారిని అడిగితే?"

"సభ సోమారం కదండీ."

సోమవారమే. మధ్యలో ప్రత్యేక సమావేశం పిలవాలంటే ఎవరు పిలవాలి? ప్రధాని. సభాపతి ఎంతో మర్యాదగా ఆ నిబంధన చదివి వినిపించారు.

నమోదు 59

నిద్రశాలకి వెళ్లాను. నగరంలో నీళ్లు చేరని ఒకే ఒక్క ఎత్తు మీద కట్టుకున్నారు. ప్రధానిని ముందుగా లేపడానికి సంరక్షకుడి సంతకం కావాలన్నారు. సంరక్షకుడు పార్టీ అధ్యక్షుడు రంగనాయకులు గారు. పడమటి చెరువుల్లో సగం ఆయనవి, ఆయన బావమరుదులవి.

ఆయన ఇంటికి వెళ్లాను. దిబ్బరొట్టె తింటూ కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"తొందరపెట్టి లేపితే గుండె ఆగొచ్చట వేణమ్మా. డాక్టర్లు రాసిచ్చారు."

"ఆగొచ్చు అన్నారు. గట్టు తెగొచ్చు కాదండీ, తెగుతోంది. అక్కడ ఎన్ని వేల గుండెలున్నాయో ఎవరైనా రాసిచ్చారా?"

"ఆవేశపడకు. వేసవిలో ఎన్నికలు. ఆయనకేదైనా అయితే పోస్టరు మీద ఎవరి మొహం వేస్తాం? నీదా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను వాదించాను. ఆయనకి వినాల్సిన అవసరం లేదు, అందుకని ఓపిగ్గా విన్నాడు. అధికారం ఉన్నవాడి ఓపికని మీరు మంచితనం అనుకుంటారు. అది తీరుబడి.

"పేట ఖాళీ చేయించు. ఎవరొద్దన్నారు?" అన్నాడు చివరికి.

ఎక్కడికి? మెరక మీద ఉన్నవి నిద్రశాల, ఆయన ఇల్లు. రెంటికీ కాపలా ఉంది. బడులు, గోదాములు తెరిపించి పట్టినంతమందిని పంపాను. పేటలో సగం కూడా పట్టలేదు.

నమోదు 60. శనివారం

తెల్లవారుతుండగా ఆరో వీధి చివర గట్టు కుంగింది. పూర్తిగా తెగలేదు. ఒక ఇల్లు పట్టేంత గండి. పంపు కార్మికులు పాత పడవలు అడ్డం ముంచి, వాటి మీద బస్తాలు వేసి ఆపారు. ఆపేలోపు ఆరో వీధి పోయింది.

నేను వెళ్లేసరికి నీళ్లు నడుం లోతు. మంచాలు, గిన్నెలు, ఒక కుట్టుమిషను పెట్టె తేలుతున్నాయి. ఏస్తేరు గొంతు పోయింది. అరిచి అరిచి పోయింది. నన్ను చూసి మాత్రం ఎక్కణ్ణుంచో తెచ్చుకుంది.

"వచ్చారండీ ఉప ప్రధాని గారు! ఏం చదువుతారు? పరిశీలనలో ఉందనా?"

"ఏస్తేరూ..."

"ఐదుగురక్కా. ఐదుగురు. సోమారం సభలో నేనడుగుతాను. నువ్వు లేచి, పరిశీలనలో ఉందంటావు. అది ఆయన మాటగా రికార్డులో ఎక్కుతాది. నిద్దట్లో పరిశీలిస్తున్నాడా ఆయన? కలొచ్చిందా? నువ్వన్నదాన్ని ఆయనన్నట్టు రాసుకునే సభ ఎక్కడైనా ఉందా!"

అలాంటి సభ ఉంది. మాదే. విశ్వంభర్ మొదటిసారి నిద్రలేచి, అప్పటి ఉప ప్రధాని సభలో ఇచ్చిన హామీలతో నాకేం సంబంధమన్నాడు. ప్రతిపక్షం గొడవ చేసి ఒక తీర్మానం నెగ్గించుకుంది. ఆ బల్ల దగ్గర నిలబడి ఉప ప్రధాని ఏం చెప్పినా అది ప్రధాని స్వయంగా చెప్పిన మాటే. రికార్డులో ఆయన పేరుతోనే ఎక్కాలి. తర్వాత కాదనడానికి లేదు. ఆ కట్టు ఆయనకి వేశారు. అధికారులు మరింత తెలివిగా దానికి విరుగుడు కనిపెట్టారు: ఏమీ చెప్పకపోవడం. పన్నెండేళ్లు నేను ఏమీ చెప్పలేదు కాబట్టి ఆ తీర్మానం ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

షట్టర్ల యంత్రం సభ రికార్డు వింటుంది.

"ఏస్తేరూ, సోమవారం నువ్వు ఏదో ఒకటి అడుగు. జాబితాలో ఏ ప్రశ్న ఉంటే అది. తర్వాత అనుబంధ ప్రశ్న వేయి. దానికి వాళ్లు ముందుగా జవాబు రాసుకోలేరు."

"ఏం ప్రశ్న?"

చెప్పాను. "నిన్ను పీకేస్తారక్కా" అంది. అందులో జాలి లేదు, సంతోషమూ లేదు. అలసట ఉంది. మా ఇద్దరికీ అదే ఉంది.

నమోదు 61. ఆదివారం

రోజంతా సంఘం వాళ్లతో పడమటి చెరువుల దగ్గర తిరిగాం. చెరువుల కాపలావాళ్లు గుడిసెల్లో కుటుంబాలతో ఉంటారు. వాళ్లని బయటికి తేకుండా నీళ్లు వదిలితే నేనూ రంగనాయకులూ ఒకటే. కారణం చెప్పొద్దనుకున్నాం, చెబితే యజమానులకి తెలిసిపోతుంది. తుఫాను హెచ్చరిక అన్నాం. ఒకాయన కదలనన్నాడు. "గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే రొయ్య చచ్చిపోద్దండి, మా ఓనరు నన్ను చంపేత్తాడు." ఆయన భార్య పిల్లని చంకనెత్తుకుని ముందే బండెక్కింది. "రండి, రొయ్యలకి మొగుడైపోకండి" అంది. ఎక్కాడు.

తూర్పున పడవల అడ్డుకట్ట ఇంకా నిలబడి ఉంది. పోటు రేపు మధ్యాహ్నం.

నమోదు 62. సోమవారం

సభ నిండుగా ఉంది. మొదటి కుర్చీకి ఉతికిన తువ్వాలు. మంత్రివర్గ కార్యదర్శి సుందరశివం గారు అధికారుల గ్యాలరీలో కూర్చున్నారు. జవాబుల కాగితాలు ఆయనే తయారుచేస్తారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాని మనుషులతోనే ఇదంతా నడుస్తోంది, అదే నా ఫిర్యాదు.

ఏస్తేరు ప్రశ్న వీధి దీపాల గురించి. లేచి, బల్ల దగ్గరికి వెళ్లి, "ప్రధాని తరఫున" అని మొదలుపెట్టి, పరిశీలనలో ఉందని చదివాను. సభ ఆవలించింది.

"అనుబంధ ప్రశ్న అధ్యక్షా" అంది ఏస్తేరు. గొంతు బొంగురుగా ఉంది. "తూర్పు గట్టు తెగే స్థితిలో ఉంది. పడమటి షట్టర్లు ఈరోజు ఎత్తుతారా, ఎత్తరా? ఎత్తేటట్టయితే ఎప్పుడు?"

గ్యాలరీ నుంచి చీటీ వచ్చింది. నాలుగు మడతలు. విప్పకుండానే తెలుసు. విప్పాను, మర్యాదకోసం. పరిశీలనలో ఉందండి. మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాను.

"ఎత్తుతున్నాం అధ్యక్షా. పూర్తిగా. ఇప్పుడే."

అధికారపక్షం బెంచీలోంచి రంగనాయకులు గారు లేచారు. "ఏంటమ్మా, మతిపోయిందా? ఎవరిచ్చారు నీకీ అధికారం? కూర్చో!"

"నాకు అధికారం లేదండీ. ప్రధాని గారి జవాబు చదివాను."

"ప్రధాని నిద్రలో ఉన్నారు!"

"పన్నెండేళ్లుగా ఉన్నారండీ. ఒక్కరోజూ మీరు అభ్యంతరం చెప్పలేదు."

ప్రతిపక్షం బల్లలు చరిచింది. మావాళ్లు కొందరు కూడా చరిచారు, తర్వాత చేతులు దాచుకున్నారు. సభాపతి గారు చెమట తుడుచుకున్నారు. "ఉప ప్రధాని గారూ, ఇది... ప్రధాని గారి మాటగానే నమోదు చేయమంటారా?"

"నేను ఈ చోట నిలబడి ఉన్నానండీ. సభ తీర్మానం చూసుకోండి. ఇంకెవరి మాటగా చేస్తారు?"

సభా కార్యదర్శి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సభాపతి "నమోదు చేయండి" అన్నారు.

సుందరశివం గారు గ్యాలరీలోంచి లేచి పరుగెత్తడం చూశాను. ఆపడానికి వెళ్తున్నాడనుకున్నాను. తర్వాత ఖాదర్ గారు చెప్పారు. ఆయన ఫోన్ చేసి అన్నది ఒక్కటే మాటట: "రికార్డు వచ్చిందా? వస్తే ఇంకా ఎందుకండీ చూస్తున్నారు?"

పోటు కంటే ముందు షట్టర్లు లేచాయి. సాయంత్రానికి తూర్పు గట్టు దగ్గర నది నాలుగు మెట్లు దిగింది. పడమట చెరువులన్నీ ఒకే నీరైపోయాయి. అక్కడ మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చున్నాను. గెలిచినట్టు లేదు. శనివారానికి ఇది పనికిరాలేదు.

నమోదు 71. కార్తీకం

విశ్వంభర్ ని లేపారు. నెల ముందు. గట్టు తెగుతుంటే ఒప్పుకోని సంరక్షకుడు జనం జేజేలు కొడుతుంటే వెంటనే సంతకం చేశాడు. గుండెకి ఏమీ కాలేదు.

ఆయన తిన్నగా పల్లపుపేట వెళ్లాడు. మీరు దండలు వేశారు. షట్టర్లు ఎత్తించిన ప్రధాని అన్నారు. అబద్ధం కాదు, రికార్డులో ఆయన పేరే ఉంది. అదే సాయంత్రం చెరువుల యజమానుల సంఘానికి మాత్రం, ఉప ప్రధాని తొందరపాటు వల్ల జరిగిన నష్టానికి విచారం తెలిపాడు. ఒకే జవాబు, అటు ఆయనది, ఇటు నాది.

నన్ను పిలిపించాడు. నున్నటి మొహం, నీరసం ఛాయ కూడా లేదు.

"మంచి పని చేశావక్కా. నేనున్నా అదే చేసేవాణ్ణి."

"ఉండాల్సింది మరి. లేపనివ్వలేదు మీవాళ్లు."

"వాళ్లనేం అనకు. వరదల్లో లేపొద్దని చెప్పింది నేనే."

ఆయనే చెప్పుకుపోయాడు, తమ్ముడు అక్కకి లోకం పోకడ వివరించినట్టు.

"నాకు ముందు ప్రధానులు ఎంతమంది, చూడు. వరదల్లో ఎటో ఒకవైపు ముంచాల్సిందే. ముంచినవాడు మళ్లీ గెలవలేదు. నేను ఆషాఢంలో పడుకునేది వయసు కోసమనుకున్నావా? వయసు అదనం."

"మరి ఆ ఐదుగురు?"

"బాధగానే ఉందక్కా," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆయన కళ్లలో తడి చూశాను. అది నన్ను ఇంకా అలసగొట్టింది.

వెళ్లబోతుంటే, పడమటి సభ్యుల్ని శాంతపరచడానికి ఉప ప్రధాని పదవి వాళ్లకిస్తున్నానని చెప్పాడు. కారణం రాయనక్కర్లేదు. నా పదవికి రాజీనామా కూడా అవసరం లేదు. జీతాల పట్టికలో పేరు మారుస్తారు, అంతే.

నమోదు 72. చివరిది

ఇప్పుడు మామూలు సభ్యురాలిని. వెనక బెంచీ. ఈ నమోదుని ఏస్తేరు అచ్చు వేయిస్తోంది, కరపత్రంగా. నా వాక్యాలు పొడుగ్గా ఉన్నాయని కోసింది. మిగిలినవి ఇవి.

నా మీద జాలిపడొద్దు, దండలు వేయొద్దు. ఆయన ఒక్కడే దుర్మార్గుడని చెప్పుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకోనూ వద్దు. నిర్ణయం తీసుకునేవాడు ఒకచోట, తిట్లు తినే మనిషి ఇంకోచోట ఉండే ఏర్పాటు మీకూ సుఖంగానే ఉంది. తిట్టడానికి ఒక మొహం, మొక్కడానికి ఒక మొహం. వేసవిలో ఓటడగడానికి వచ్చే ప్రతివాళ్ల ముందూ, ఏస్తేరుతో సహా, ఈ డిమాండ్లు పెట్టండి.

ఒకటి. పదవిలో ఉన్నవాళ్లు శీతనిద్రకి వెళ్లకూడదు. వెళ్లాలంటే రాజీనామా చేసి వెళ్లాలి.

రెండు. ఉప ప్రధాని ఏం చేయవచ్చో చట్టంలో రాయాలి. రాయలేకపోతే ఆ పదవి రద్దు చేయాలి.

మూడు. ప్రధాని అందుబాటులో లేకపోతే సభని పిలిచే హక్కు సభ్యులకి ఉండాలి. సోమవారం దాకా ఆగే పని ఉండకూడదు.

నాలుగు. చెరువులున్న మనిషికి ప్రధాని సంరక్షణ, షట్టర్ల మీద మాట, రెండూ ఉండకూడదు.

ఐదు. పడమటి షట్టర్లకి చేతిచక్రాలు బిగించాలి. వాటి దగ్గర రెండు వైపుల పేటల మనుషులూ వంతులవారీగా కాపలా ఉండాలి.

ఆరు. పరిహారం ముందు ఆరో వీధికి, తర్వాత చెరువుల కాపలావాళ్లకి, ఆ తర్వాతే యజమానులకి ఇవ్వాలి.

ఏడు. సంతాప తీర్మానం ప్రధానే పెట్టాలని, ఆ శనివారం ఆయన నిద్రలో ఉన్నాడు కాబట్టి గడువు దాటిపోయిందని సభ చెబుతోంది. గడువు పక్కన పెట్టాలి. ఈ పేర్లు సభలో నిలబడి చదవాలి:

కొల్లాబత్తుల మరియమ్మ.
ఆమె మనవరాలు సువార్త.
గుబ్బల వీరవెంకన్న, పంపు ఆపరేటరు.
షేక్ మీరాబీ.
పేరు పెట్టని పసిబిడ్డ, మీరాబీ కొడుకు.